ఐదొందల మందికి రేసు కిట్ కట్టడం: టీషర్టు, మెడల్, తువ్వాలు లెక్కలు

రేసుకు 75 రోజుల ముందు కమిటీ కూర్చున్నప్పుడు కిట్ గురించి, అంటే రన్నర్లకిచ్చే సామాను గురించి, మేము అడిగే ప్రశ్న ఒకటే. రేసు అయిపోయాక వచ్చే ఆదివారం ప్రాక్టీసుకు బయల్దేరేటప్పుడు ఈ వస్తువు రన్నర్ ఒంటి మీదో, చేతిలోనో ఉంటుందా? కీచైను, పెన్ను, మగ్గు, ఫొటో ఫ్రేము అన్నీ ఇక్కడే ఆగిపోతాయి. అనంతపురంలో హాఫ్ మారథాన్, 10కె కలిపి 500 మందితో నడిపేటప్పుడు కిట్ ఎలా కడతామో, ఏది ఎందుకు చెడిపోతుందో ఇక్కడ రాస్తున్నాం. కర్నూలు, కడపల్లో రేసు పెట్టేవాళ్లకూ ఇవే లెక్కలు పనికొస్తాయి. ఎండ అదే, ఉప్పునీళ్లూ అవే.

కిట్ డబ్బు ఎప్పుడూ మిగిలిన డబ్బే కావాలి. ముందు నీళ్లు, అంబులెన్సు, టైమింగ్, ట్రాఫిక్ మనుషులు. 21.1 కిలోమీటర్లలో రెండున్నర కిలోమీటర్లకొక నీళ్ల పాయింటు అంటే 8 పాయింట్లు. హాఫ్‌లో 300 మంది ఉంటే, ఒక్కొక్కరు పాయింటుకో గ్లాసు తాగినా 2400 గ్లాసులు. ఎండెక్కాక తల మీద పోసుకునేది దీనికి అదనం. ఈ ఖర్చులో కోత పెట్టి మెడల్ పెద్దది చేయించడం మహా పాపం. ఎనిమిదిన్నర తర్వాత వచ్చే రన్నర్‌కు 17వ కిలోమీటరు దగ్గర నీళ్లు లేకపోతే, ఆయన మెడలో ఎంత బరువు వేస్తే మాత్రం ఏం లాభం?

ఇక టీషర్టు. రిజిస్ట్రేషన్ ఫారంలోనే ‘టీషర్టు వద్దు’ అనే గడి పెట్టండి. నాలుగైదేళ్లుగా పరిగెత్తేవాళ్ల బీరువాలో ఇప్పటికే డజన్ల కొద్దీ ఉంటాయి. ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్లకు టీషర్టు ఖరీదంతా ఫీజులో తగ్గించాలి. తగ్గించకుండా ‘పర్యావరణం కోసం వదులుకోండి’ అంటే ఎవరూ వదులుకోరు, వాళ్ల తప్పూ లేదు.

సైజు అడిగేటప్పుడు ఎస్, ఎమ్, ఎల్ అని మాత్రమే అడిగితే గొడవ ఖాయం. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎల్‌తో సమానం. ఫారంలో ఇలా రాస్తాం: ‘మీకు బాగా సరిపోయే టీషర్టు బల్ల మీద పరిచి, ఒక చంక కుట్టు నుంచి ఇంకో చంక కుట్టు దాకా అంగుళాల్లో కొలిచి రాయండి.’ 19 అంగుళాలు వస్తే ఛాతీ చుట్టు 38. ఆ కొలతను మేమే తయారీదారు పట్టికతో సరిచూసి సైజు వేస్తాం. ఆడవాళ్లకు విడిగా కట్ ఉన్న టీషర్టు తప్పనిసరి. మగవాళ్ల ఎస్ ఇచ్చేస్తే భుజం జారి, చేతుల పొడుగు మోచేయి దాకా వస్తుంది. ఎక్స్ఎస్ కూడా ఆర్డర్‌లో ఉండాలి, సన్నగా ఉండే కాలేజీ పిల్లలు ఇక్కడ చాలామంది పరిగెత్తుతారు. రేసుకు 30 రోజుల ముందు సైజులు మూసేస్తాం. ఆ తర్వాత పేరిచ్చేవాళ్లకు టీషర్టు ఉండదని ఫారంలోనే చెప్పి, ఫీజు తగ్గిస్తాం. ఎక్కువ వేయించేది వందకు ఐదే, అదీ ఎమ్, ఎల్‌లలో. మార్పిడి అడిగితే రేసు అయ్యాక పది గంటలకు అని చెబుతాం. ముందురోజే మార్చడం మొదలుపెడితే చివర్లో వచ్చినవాళ్లకు వాళ్ల సొంత సైజు మిగలదు.

గుడ్డ సంగతి శాంపిల్ చేతికొచ్చాకే తేలాలి. 160 జీఎస్ఎమ్ అని కొటేషన్‌లో రాసి 120 పంపడం మామూలే. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో. శాంపిల్‌లోంచి 10 సెంటీమీటర్ల చదరం ముక్క కత్తిరించి బంగారు షాపులో తూయిస్తే చాలు. వంటింటి త్రాసు దీనికి పనికిరాదు, అందులో గ్రాము కింద పాయింట్లు తేలవు. 1.4 గ్రాములు తూగితే 140 జీఎస్ఎమ్. మన ఎండకు పాలిస్టర్ గుడ్డ 130 నుంచి 150 మధ్య బాగుంటుంది. 120 కంటే తగ్గితే చెమటకు తడిసి ఒళ్లు కనిపిస్తుంది, ఆడవాళ్లు వేసుకోరు. 180 దాటితే బరువు, ఆరడం ఆలస్యం. నూలు టీషర్టు చవక, మెత్తన, కానీ చెమట పీల్చి అక్కడే నిలవేసుకుంటుంది. పది కిలోమీటర్లు దాటేసరికి చంకల్లో ఒరిపిడి, మగవాళ్లకు చనుమొనల దగ్గర రక్తం. నూలు టీషర్టు ఇవ్వదలిస్తే వాలంటీర్లకు ఇవ్వండి.

ప్రింటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మా డబ్బు ఎక్కువగా పోయింది ఇక్కడే. సబ్లిమేషన్‌లో రంగు దాదాపు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగిపోతుంది. పైన పొర ఉండదు, చేత్తో తడిమితే ప్రింటు ఎక్కడుందో తెలియదు, గాలి ఆడుతుంది. అయితే తెలుపు గానీ లేత రంగు గానీ ఉన్న పాలిస్టర్ మీదే పనిచేస్తుంది, నూలు మీద నిలవదు. స్క్రీన్ ప్రింటు, స్టిక్కర్ ప్రింటు గుడ్డ మీద పొరలా కూర్చుంటాయి. స్పాన్సర్ల లోగోలతో వీపంతా నింపితే వీపుకు ప్లాస్టిక్ షీటు కట్టినట్టే. వీపు మీద లోగోలన్నీ కలిపి అరచేయి వెడల్పు దాటకూడదని స్పాన్సర్లతో ముందే ఒప్పందంలో రాసుకోవాలి. మా దగ్గర జరిగిన పెద్ద పొరపాటు ఎర్ర పాలిస్టర్ మీద తెల్ల అక్షరాల స్క్రీన్ ప్రింటు. డబ్బా విప్పినప్పుడు మల్లెపువ్వులా ఉన్న అక్షరాలు నెల తిరిగేలోగా గులాబీ రంగుకు తిరిగాయి. ఇంకు గట్టిపడడానికి ఇచ్చిన వేడికి పాలిస్టర్‌లోని ఎర్ర రంగు వదిలి ఇంకులోకి పాకుతుంది. ముదురు రంగు తప్పదనుకుంటే తక్కువ వేడికి గట్టిపడే ఇంకు వాడమనాలి, కింద రంగును ఆపే పొర వేయించాలి. తెల్ల గుడ్డ తీసుకుని మొత్తం సబ్లిమేషన్‌లోనే వేయించడం అన్నిటికన్నా సుఖం.

శాంపిల్‌ను బోరు నీళ్లలో మూడుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, ఒక రన్నర్‌కిచ్చి 15 కిలోమీటర్లు పరిగెత్తించండి. చంక కుట్టు, మెడ వెనక లేబుల్, ఈ రెండూ ఒరుసుకునే చోట్లు. కుట్లు ఫ్లాట్‌లాక్ (ఉబ్బు లేకుండా చదునుగా ఉండే కుట్టు) అయి ఉండాలి, లేబుల్ కుట్టకుండా గుడ్డ మీదే అచ్చువేయమనాలి.

మెడల్ ఆర్డర్ 45 రోజుల ముందు వెళ్లాలి. అచ్చు తయారీ, పోత, పాలిష్, రంగు కలిపి మూడు నాలుగు వారాలు పడుతుంది. జింక్ మిశ్రమంలో 65 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉంటే 65 గ్రాముల చుట్టూ తూగుతుంది. అంతకంటే పెద్దది అక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి నడుస్తున్న కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు, వాళ్ల మెడల్ మాత్రం చిన్న నాణెమంత. 11 గంటలు దాటి 12 గంటల లోపు చేరేవాళ్ల కోసం వాళ్లు ప్రత్యేకంగా ఒక మెడల్ పెట్టి, దానికి ఆ రేసు మొదలుపెట్టిన విక్ క్లాపమ్ పేరు ఇచ్చారు. చివర్లో వచ్చేవాళ్లకు ఇచ్చే గౌరవమంటే అది.

తెలుగు అక్షరాలు మెడల్ మీద ఉండాలని మా పట్టుదల, ఉండాలి కూడా. చిక్కేమిటంటే పోత పోసేవాళ్లు చాలావరకు బయటి రాష్ట్రాలవాళ్లు. మనం టైపు చేసి పంపిన ఫైలు వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి, గుడి పక్కకు జరుగుతుంది, వాళ్లకు తేడా తెలియదు. అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి మాత్రమే ఫైలు పంపాలి. అచ్చు తీసిన తర్వాత మొదటి మెడల్ ఫొటో తెప్పించుకుని, తెలుగు బాగా చదివే ఒకరు అక్షరం అక్షరం చూసి సరే అన్నాకే మిగతావి పోయించాలి. సన్నని ఫాంటు వద్దు. గీత అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే రంగు పూడుకుపోయి సున్నా, తలకట్టు కలిసిపోతాయి.

సంవత్సరం మెడల్ మీద వేయించకండి. రిబ్బన్ మీద వేయించండి. 500 మంది పేరిస్తే అందరూ రారు, వచ్చినవాళ్లందరూ పూర్తి చేయరు. మిగిలిన మెడళ్లు వచ్చే ఏడు కొత్త రిబ్బన్‌తో పనికొస్తాయి. సంవత్సరం పోత పోస్తే అవి పాత ఇనుముతో సమానం. రిబ్బన్ వెడల్పు 25 నుంచి 35 మిల్లీమీటర్లు, వేలాడే చుట్టు మొత్తం 85 సెంటీమీటర్లకు తగ్గకూడదు, టోపీ ఉన్నవాళ్ల తల మీద నుంచి దిగాలి కదా. శాంపిల్‌కు రెండు పరీక్షలు. పాత పంచె ముక్కతో మెడల్ అంచు చుట్టూ తుడవండి. దారం ఎక్కడైనా తగులుకుంటే అక్కడ చెమట పట్టిన ఛాతీ గీసుకుంటుంది. రిబ్బన్ కొక్కేనికి రెండు లీటర్ల నీళ్ల బాటిల్ వేలాడదీసి రాత్రంతా ఉంచండి. కొక్కెం నోరు విప్పుకుంటే ఆ రింగు మార్పించాలి. చెక్కపొడి అట్టతో చేసిన మెడళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ చెమట తగిలితే అంచు ఉబ్బుతుంది. పోనీ అని వార్నిష్ వేయిస్తే ధర ఎక్కడికో పోతుంది.

మా కిట్‌లో మాకు అన్నిటికన్నా నచ్చినది తువ్వాలు. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పరుగులో 24 గంటల్లోపు వచ్చినవాళ్లకు వెండి బెల్టు బకిల్ ఇస్తారు. ఆ దారి మీద మొదట జరిగింది గుర్రపు పందెం, గుర్రాల రేసు బకిలే పరుగుకూ వచ్చింది. ఆ నేలకు అది తగిన వస్తువు. మన నేలకు తగినది మెడ చుట్టూ వేసుకునే చేనేత తువ్వాలు. దాన్ని నీళ్లలో ముంచి, పిండి, మెడ మీద వేసుకుంటే నీరు ఆవిరయ్యేకొద్దీ చల్లదనం దిగుతుంది. మన దగ్గర గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇది సముద్రం ఒడ్డు ఊళ్లలో కంటే ఇక్కడ బాగా పనిచేస్తుంది. పొలం పనికి వెళ్లేవాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం మొదలుపెట్టారు. అక్కడి మగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేసే పని ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

కొలత 18 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు చాలు, 70 గ్రాములకు మించదు. పెద్ద తువ్వాలైతే పరిగెత్తేటప్పుడు కొంగు ఊగుతుంది. నేతగాళ్లకు రెండు నెలల ముందే చెప్పి, సగం డబ్బు ముందుగా ఇవ్వాలి. వానాకాలంలో నూలు ఆరక పడుగు (మగ్గం మీద పొడవునా సాగే పోగులు) పని ఆలస్యమవుతుంది, ఆ వారం పది రోజులు లెక్కలో ఉంచుకోవాలి. తువ్వాలు విషయంలో తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి గంజి. మగ్గం మీద పోగు తెగకుండా పడుగుకు గంజి పెడతారు. కొత్త తువ్వాలు మీద నీటి చుక్క వేసి చూడండి, ముత్యంలా నిలబడి దొర్లుతుంది. ఆ తువ్వాలు రేసు రోజున నీళ్లే పీల్చదు. ఒక రాత్రి నానబెట్టి ఉతికిన దాని మీద చుక్క వేస్తే వేసిన చోటే ఇంకిపోతుంది. అందుకే 500 తువ్వాళ్లూ ఉతికించి, ఆరేసి, మడతపెట్టాకే కిట్‌లో వేస్తాం. చాకలి ఖర్చు ముందే బడ్జెట్‌లో రాయాలి. రెండోది రంగు. తడి తెల్లగుడ్డతో అంచు మీద ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే, చెమటకు రన్నర్ తెల్ల టీషర్టు మెడంతా అదే రంగు. రంగు వదలని అద్దకమే కావాలని ఆర్డర్‌లో రాయించి, రుద్దుడు పరీక్ష చూశాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఉతికితే నూలు కుంచించుకుపోతుంది, కాబట్టి నేయించేటప్పుడు పొడవు రెండంగుళాలు ఎక్కువ చెప్పండి. పేరు ప్రింటు వేయించకుండా అంచులో నేయించినా, చిన్న కుట్టుపని చేయించినా సరే. ప్రింటు పొర ఉన్న చోట నీళ్లు పీల్చదు.

సంచికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 14 అంగుళాలు, 16 అంగుళాల కోరా గుడ్డ సంచి, పైన లాగి ముడివేసే తాడు. ఒక మూల తెల్లగా ఖాళీ గడి వదిలి అందులో బిబ్ (రన్నర్ ఛాతీకి పిన్నీసులతో తగిలించుకునే నంబరు కాగితం) నంబర్ మార్కర్‌తో రాస్తే, అదే సంచి రేసు రోజున బట్టలు దాచే సంచిగా లగేజీ కౌంటర్‌లో పనిచేస్తుంది. చవకగా వస్తాయని నాన్‌వోవెన్ సంచులు (నేసినవి కావు, గుడ్డలా కనిపించే ప్లాస్టిక్‌వి) అంటగడతారు. 60 జీఎస్ఎమ్ కంటే పలచనివి 2021 నుంచే నిషేధం, అసలు అవి నాలుగు వాడకాలకు చిరుగుతాయి.

తిండి పదార్థాల్లో మన శెనక్కాయ పప్పుల చిక్కికి సాటి లేదు, 30 గ్రాముల బిళ్ల. కానీ అది రేసు అయ్యాక తినేది. శెనక్కాయలో నూనె ఎక్కువ, పరుగులో కడుపులో బరువుగా కూర్చుంటుంది. కవరు మీదే ‘పరుగు అయ్యాక’ అని రాయించాలి, శెనక్కాయ పడనివాళ్ల కోసం హెచ్చరిక కూడా. వారం రోజుల లోపల చేసినదే తీసుకోవాలి. ఎండకు గోడౌన్‌లో నిలవుంటే పప్పు ముక్కిన వాసన వేస్తుంది, బెల్లం చెమ్మ పట్టి కవరుకు అంటుకుంటుంది. పప్పులో బూజు పట్టినవి, ముడుచుకున్నవి ఏరించడం ముఖ్యం, ఆ బూజులోనే విషం ఉంటుంది. దారిలో తినడానికైతే చీనీకాయ (బత్తాయి) తొనలు, అరటిపండు సగం ముక్కలు. చీనీ తోటలు, పులివెందుల అరటి పక్కనే ఉండగా ఖరీదైన ఎనర్జీ జెల్ పొట్లాలు పంచే అవసరం మాకెప్పుడూ కనిపించలేదు.

ఓఆర్‌ఎస్ పొట్లం ఇస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాదే ఇవ్వాలి. లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. తియ్యని పానీయాల డబ్బాలు దీనికి బదులు కావు. ‘పొట్లం మొత్తం ఒక లీటరులో’ అని పెద్దక్షరాల్లో చీటీ అంటించండి. గ్లాసుడు నీళ్లలో పొట్లమంతా కలిపి తాగితే ఉప్పు మోతాదు మించి ప్రమాదం. నొప్పి మాత్రలు మాత్రం స్పాన్సర్ ఉచితంగా ఇచ్చినా కిట్‌లోకి రానివ్వకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. స్పాన్సర్ వస్తువు ఏదైనా సరే గడువు తేదీ చూసి, ఇంకా మూడు నెలలుంటేనే తీసుకుంటాం. కరపత్రాలు, కూపన్లు తీసుకోం.

కడప బండతో మెడల్ చేయిద్దామన్న ఆలోచన ఈ ప్రాంతంలో ప్రతి కమిటీకీ ఒకసారి వస్తుంది. 60 మిల్లీమీటర్ల బిళ్ల 5 మిల్లీమీటర్ల మందంలో 40 గ్రాములే తూగుతుంది, బరువు సమస్య కాదు. రంధ్రం అంచుకు దగ్గరైతే అక్కడ పగులు తీస్తుంది, సిమెంటు మీద జారితే ముక్కలు. అదే బండను నాలుగు అంగుళాల చదరంగా, 8 మిల్లీమీటర్ల మందంలో గ్లాసు కింద పెట్టే బిళ్లగా కోయించి లేజర్‌తో చెక్కిస్తే, నల్లటి నునుపు మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. ఒకటి 215 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి అందరికీ కాదు, గెలిచినవాళ్లకు. నిమ్మరసం పడితే మచ్చ పడుతుందని చెప్పి ఇవ్వాలి, సున్నపురాయి కదా. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల చేత చేయించిన లాంప్‌షేడ్ కూడా మొదటి ముగ్గురికి గొప్ప బహుమతి. రెండు నెలల గడువు ఇవ్వాలి, చట్రానికి బిగించినదే తీసుకోవాలి, లేకపోతే వానాకాలంలో తోలు ముడుచుకుంటుంది. తోలు వద్దనేవాళ్లు ఉంటారు, వాళ్లకు బండ బిళ్ల.

సామానంతా పది రోజుల ముందు గోడౌన్ చేరాలి. చిక్కి మాత్రం చివర్న. కిట్లు రెండు రోజుల ముందు కడతాం. బల్లలు వరసగా వేసి, బల్లకొక మనిషి, మనిషికొక వస్తువు. టీషర్టు సైజు, బిబ్ నంబర్ ఒకే చీటీ మీద ఉండాలి. చివరి బల్ల మీద త్రాసు ఉంటుంది. సంచి బరువు టీషర్టు సైజును బట్టి ఇరవై ముప్ఫై గ్రాములు అటూ ఇటూ అవుతుంది, కానీ తువ్వాలు గానీ చిక్కీ ఓఆర్‌ఎస్ జతగా గానీ పడకపోతే అంతకంటే ఎక్కువే తగ్గి వెంటనే దొరికిపోతుంది. కట్టినవి నంబర్ల వరసలో 50 చొప్పున డబ్బాల్లో పెడతాం. బెంగళూరు, హైదరాబాద్, బళ్లారి నుంచి వచ్చేవాళ్లు రాత్రి బస్సు దిగి నేరుగా వస్తారు, వాళ్ల కిట్లు విడిగా తీసి ఉదయం నాలుగున్నరకే కౌంటర్ తెరవాలి. బిబ్ మడవొద్దని అక్కడే నోటితో చెప్పండి, వెనక అంటించిన టైమింగ్ చిప్ మడతకు పాడవుతుంది. నాలుగు పిన్నీసులు లెక్కపెట్టి ఇవ్వండి.

మెడళ్లు మాత్రం కిట్‌లో వేయం, ఫినిష్ దగ్గరే మెడలో వేస్తాం. ఒకసారి 5కె సరదా పరుగు పిల్లలు ఉత్సాహంగా వరసలోకి వస్తే కాదనలేక ఇచ్చేశాం. చివరి అరగంటలో వచ్చిన హాఫ్ రన్నర్లకు మెడళ్లు లేవు. మూడు గంటలు ఎండలో కష్టపడి వచ్చిన మనిషి ఖాళీ మెడతో నిలబడడం కళ్లారా చూశాక పద్ధతి మార్చాం. ఇప్పుడు దూరానికో బిబ్ రంగు, మెడల్ ఇవ్వగానే బిబ్ మూలకు పంచింగ్ మిషన్‌తో ఒక రంధ్రం. బల్ల మీద ఒకసారికి 50 మెడళ్లే ఉంటాయి. చివరి 40 తాళం వేసిన ట్రంకు పెట్టెలో ఉంటాయి, తాళంచెవి స్వీపర్ బండిలో (చివరి రన్నర్ వెనకే వచ్చే బండి) వచ్చే వాలంటీర్ దగ్గర. ఆ బండి ఫినిష్ చేరే దాకా ఆ పెట్టె తెరవం.